నాలుగో రోజు చేరిన బండి

నూజివీడు నుంచి ఢిల్లీ ఎంత దూరమని అడిగితే ఇప్పటి పిల్లలు జేబులోంచి ఫోను తీసి చెప్పేస్తారు. పద్దెనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. నన్నడిగితే నేను కిలోమీటర్లలో చెప్పలేను. చెట్టు దిగిన బంగినపల్లి కాయ మెత్తబడకుండా ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో, నా లెక్కలో ఢిల్లీ అంత దూరం. మూడో రోజుకి చేరితే దగ్గర. నాలుగో రోజైతే చాలా దూరం.

నేను మామిడి లారీలు పంపే ఆఫీసులో ఇరవయ్యేళ్ళకు పైగా పనిచేశాను. ఉద్యోగం పేరు బుకింగ్ ఇన్‌ఛార్జి. అసలు పని మాత్రం ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఢిల్లీ వ్యాపారులు ఫోన్ చేసి అదే అడిగేవాళ్ళు: "బండి ఎప్పుడొస్తుంది మేడమ్?" నేను డ్రైవరుకి ఫోన్ చేసి, అతను చెప్పిందాంట్లో ఎంత నిజముందో తేల్చుకుని, ఒక సమయం చెప్పాలి. అందుకని అనుమానించడం నాకు అన్నం తిన్నంత అలవాటైపోయింది. టైరు పేలిందంటే ఏ వైపు టైరని అడిగేదాన్ని. నిజంగా పేలినవాడు వెంటనే చెబుతాడు. లేనివాడు ఒక్క క్షణం ఆగుతాడు. రోడ్డు మీదే ఉన్నానండీ అని ఒకడంటుంటే వెనక పెనం మీద అట్లకాడ చప్పుడు వినిపించేది. మా ఆయన స్కూలు టీచరు. "నువ్వు ప్రార్థన చేసేటప్పుడు కూడా దేవుడి మాట ఇంకొకళ్ళతో సరిచూసుకునేలా ఉన్నావే" అని నవ్వేవారు.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరే పిల్లలకి ఒక సీజను గురించి చెప్పాలనుంది. మరీ పాతది కాదు. లారీలకి జీపీఎస్‌లు పెట్టి, బండి ఎక్కడుందో నా ఫోన్లోనే నీలం చుక్కలా కనిపించడం మొదలైన కొత్త. ఇక డ్రైవర్లని అడగాల్సిన పనిలేదని, అబద్ధాల గొడవ వదిలిందని సంబరపడ్డాను.

మా ఓనరు రెడ్డిగూడెం వైపు తోటలు పూత మీదే కొనేవాడు. కాయ కోయించేదీ ఆయనే, ప్యాకింగ్ షెడ్డూ ఆయనదే, లారీలూ ఆయనవే. మనిషి మంచి మాటకారి. జీతాలు ఆపేవాడు కాదు. కాకపోతే ఎక్కడ ఏం మిగులుతుందా అని చూసే కన్ను ఒకటి ఎప్పుడూ తెరుచుకుని ఉండేది. ఆ ఏడాది ఆ కన్ను డ్రైవర్ల మీద పడింది. అంతకు ముందు ఢిల్లీ బండికి ఇద్దరేసి డ్రైవర్లు ఉండేవాళ్ళు. ఒకడు తోలుతుంటే ఒకడు పడుకునేవాడు. "రోడ్లన్నీ బాగుపడ్డాయిగా, ఇంకా ఇద్దరెందుకు?" అని బండికి ఒక్కడినే ఉంచాడు.

అలా ఒంటరిగా మిగిలిన వాళ్ళలో చాట్రాయి దగ్గరి డ్రైవరు ఒకడు. నలభై దాటిన మనిషి. మాట తక్కువ. పదేళ్ళపాటు అతను, అతని బావమరిది ఒకే బండి మీద వెళ్ళారు. ఆ బావమరిదినే తీసేశారు. అతను ఏదో బస్సు మీద చేరిపోయాడు. ఆ పదేళ్ళలో చాట్రాయి డ్రైవరు నాతో ఒక్క అబద్ధం చెప్పిన గుర్తులేదు. ఆలస్యమైతే ఆలస్యమైందనేవాడు. అతను చెప్పిన సమయాన్ని నేను సరిచూడకుండానే ఢిల్లీకి చెప్పేదాన్ని. అంత నమ్మకం నాకు మా అన్నయ్య మీద కూడా లేదు.

ఆ సీజన్లో అతని మొదటి బండే నాలుగో రోజు చేరింది.

మిగతావాళ్ళు మూడో రోజుకల్లా దించేశారు. ఇతనికి ఫోన్ చేస్తే, "మధ్యప్రదేశ్‌లో సాగర్ దగ్గర చెకింగులో ఆపేశారండీ" అన్నాడు. నేను చుక్క చూశాను. బండి సాగర్ దాకా ఇంకా పోనేలేదు. ఇరవై మంది అబద్ధాలు చెబితే పట్టించుకోని దాన్ని, ఈ ఒక్క అబద్ధానికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

రెండోసారీ అంతే. ఈసారి అతన్ని అడగకుండా చుక్క వెంటే తిరిగాను. అందరూ మధ్యాహ్నం ఎండలో చెట్టు కింద బండి ఆపి పడుకుంటారు, చల్లబడ్డాక తోలుకుంటారు. కాయకీ అదే మంచిది. ఇతను తలకిందులు. మండుటెండలో బండి పోతూనే ఉంది. పొద్దు వాలేసరికి ఏదో పెట్రోలు బంకు పక్కన ఆగిపోతుంది. మళ్ళీ తెల్లారాకే కదులుతుంది. ఏ రోజు చూసినా ఇదే వరస. చీకట్లో ఇతనికి ఏం పని? నాగపూర్ దాటాక ఎవరైనా ఉన్నారా? రెండో కాపురమా? మందు అలవాటైందా? అనుమానానికి మేత దొరికితే ఆగుతుందా, రోజుకొక కథ అల్లుకున్నాను.

ఇంతలో ఢిల్లీ వ్యాపారి నుంచి ఫోనొచ్చింది. ఆయన తెలుగు మా దగ్గరే నేర్చుకున్నాడు, తిట్లతో సహా. "మేడమ్, ఏం పంపినారు మీరు? పైన ట్రేలు బంగారం. కింద ట్రేలు మొత్తం నల్ల మచ్చలు. దెబ్బ తిన్న కాయ. నాకు ఇది వద్దు."

"మిగతా బండ్లలో ఎలా ఉంది కాయ?"

"అవి మంచిది. పోయినసారి, ఈసారి, ఇది ఒక్కటే. మీ డ్రైవర్ దొంగ ఉన్నాడు."

ఓనరుకి చెప్పగానే బల్ల మీద చరిచాడు. "అనుకున్నా. దారిలో మన మంచి కాయ అమ్మేసి, అక్కడెక్కడో రాలిన కాయ కొని అడుగున నింపుతున్నాడు. అందుకే ఆ రాత్రిళ్ళు ఆగడం." నాకూ అది అతికినట్టే కనిపించింది. ఆలస్యానికి కారణం, అబద్ధానికి కారణం, మచ్చలకి కారణం, మూడూ ఒక్క దెబ్బకి దొరికాయి. అన్నీ ఒక్కసారే దొరికినప్పుడు అనుమానించాలని మాత్రం అప్పుడు తోచలేదు.

డ్రైవరు తిరిగొచ్చాడు. ఆఫీసు గదిలో ఓనరు, నేను, అతను. అంతే.

"ఎక్కడ మార్చావురా కాయ?" అన్నాడు ఓనరు.

అతను మొదట నా వైపు చూశాడు. నేను ఏమైనా చెబుతానేమో అన్నట్టు. తర్వాత నేల చూపులు చూశాడు.

"నాగపూర్ దాటాకండి."

"ఎవరికమ్మావు?"

"తెలిసినాయన ఒకాయనున్నాడండి."

"రెండుసార్లూనా?"

"అవునండి. తప్పైపోయిందండి."

నేను కేకలకి సిద్ధమయ్యాను. పోలీసు స్టేషన్ అంటాడనుకున్నాను. ఓనరు ఫ్యాను వైపు చూసి, గొంతు సవరించుకుని, "సర్లే. జరిగిందేదో జరిగింది. సీజను మధ్యలో నీలాంటి చెయ్యి తిరిగినోణ్ణి ఎక్కడ వెతుక్కోను? ఇంకోసారి జరిగిందో మాత్రం చూడు" అన్నాడు. చిన్న కాయల లోడు గురించి నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కందిపప్పు కడుగుతూ నిలబడిపోయాను. కొట్టకుండానే దొంగతనం ఒప్పుకున్న మనిషిని ఒకణ్ణి, తిట్టకుండానే క్షమించిన ఓనరుని ఒకణ్ణి ఒకే గదిలో చూశాను. నా ఉద్యోగంలో ఈ రెండూ అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. టైరు పేలిందంటే ఏ టైరని అడిగేదాన్ని నేను. దొంగిలించానంటే ఏం దొంగిలించావని ఒక్క ప్రశ్న అడగలేదేం?

మర్నాడు షెడ్డు దగ్గర అతన్ని పక్కకి పిలిచాను. "ఏమయ్యా, నాగపూర్ దగ్గర నీకు మన బంగినపల్లి రాలిన కాయ ఎవరిచ్చారు? అక్కడ ఉండేది కమలా తోటలు కదా."

"అన్నీ దొరుకుతాయండీ మేడంగారూ." మొహం పక్కకి తిప్పుకున్నాడు. "వదిలేయండి. ఒప్పుకున్నాను కదా."

రాలిన కాయ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా వైపు ఏప్రిల్ దాటాక ఒక్కోసారి సాయంత్రం పూట గాలిదుమారం లేస్తుంది. తెల్లారి తోటలోకి వెళితే కాళ్ళ కింద కాయలే. రాలిన కాయ పైకి ఏమీ అయినట్టుండదు. చెట్టు మీంచి కోసిన కాయతో కలిపేస్తే తేడా తెలియదు. కాకపోతే లోపల దెబ్బ ఉంటుంది. పచ్చళ్ళవాళ్ళు తక్కువకి కొనుక్కుపోతారు. ఢిల్లీకి మాత్రం పంపరు. పంపకూడదు. ఆ సీజన్లో గాలి రెండు మూడు సార్లు గట్టిగా కొట్టింది. మా షెడ్డు బయట పచ్చళ్ళవాళ్ళ ఆటోలు మాత్రం ఆ ఏడాది నాకు కనిపించలేదు.

ఆ సంగతి గుర్తుకి రాగానే నా అనుమానం మెల్లగా తల తిప్పింది.

వేరే డ్రైవరు బండికి లోడు కడుతున్న రోజు, కాయలు ఏరి ట్రేల్లో సర్దే ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళాను. "ఇంట్లో పిల్లలకమ్మా" అని అడుగు వరసలోకి వెళ్ళబోతున్న ట్రేలోంచి నాలుగు కాయలు పైట కొంగులో వేసుకున్నాను. అక్కడ సర్దుతున్నావిడ నా చెయ్యి పట్టుకుంది. "అవెందుకండీ? ఇటుపక్కవి తీసుకోండి, బాగుంటాయి."

"ఇవి బాగోవా?"

ఆవిడ ఓనరు కూర్చునే వైపు ఒకసారి చూసి, గడ్డి సర్దుకుంటూ, "నన్నేం అడక్కండి" అంది.

ఇంట్లో ఎండుగడ్డిలో దాచాను. ఆ లోడు మూడో రోజుకి ఢిల్లీ చేరింది. వ్యాపారి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ రోజు నేనూ గడ్డి తీసి చూశాను. పసుపు రంగు తిరిగి చూడముచ్చటగా ఉన్నాయి. నా అనుమానం పాడుగాను అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ తీశాను. మూడు కాయలకి ఒక పక్కంతా నల్లగా, వేలు పెడితే దిగిపోయేలా ఉంది.

వంటింట్లో అలాగే కూలబడ్డాను. అన్ని బండ్లలోనూ అడుగున అదే కాయ వెళుతోంది. మూడో రోజుకి చేరిన బండిలో మచ్చ తేలదు. ఢిల్లీ వ్యాపారి అదే రోజు అమ్మేసుకుంటాడు, ఆ తర్వాత కొన్నవాళ్ళ ఖర్మ. నాలుగో రోజు చేరిన బండిలో మాత్రం మచ్చ బయటపడుతుంది. చాట్రాయి డ్రైవరు కాయ మార్చలేదు. ఆలస్యంగా వెళ్ళాడు, అంతే. చెయ్యని దొంగతనం అతను ఒప్పుకుంటే అది ఓనరుకి వరమైంది. అందుకే ఫ్యాను వైపు చూసి క్షమించేశాడు.

ఓనరు సంగతి అర్థమైంది. ఇతనిది కాలేదు. చెయ్యని తప్పు ఎందుకు నెత్తినేసుకున్నాడు? ఓనరూ ఇతనూ కలిసి ఆడుతున్నారా? ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి చాట్రాయి దాటి వాళ్ళ ఊరు వెళ్ళాను. అతను బజారుకి వెళ్ళాడట. భార్య ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. నేనెవరో చెప్పగానే ఆవిడ మొహంలో రక్తం లేదు.

"కూర్చోండమ్మా. మజ్జిగ తెస్తాను."

"మజ్జిగ వద్దులేమ్మా. మీ ఆయన కాయ అమ్ముకున్నాడంటున్నారు. నువ్వేమంటావు?"

"ఆయన దొంగ కాదమ్మా." అంతవరకు గబగబా అనేసింది. తర్వాత చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "అంతకు మించి అడక్కండి. మీకు దణ్ణం పెడతాను" అంది.

"మరి ఎందుకు ఒప్పుకున్నాడు?"

ఆవిడ పెరటి వైపు చూసింది. నేనూ చూశాను. వరండా స్తంభం నుంచి పెరటి చివర బాత్రూము దాకా ఒక తాడు కట్టి ఉంది. బట్టలారేసే తాడనుకున్నాను. దాని మీద ఒక్క గుడ్డ లేదు. పైగా నడుమెత్తులో ఉంది. చేతులు పట్టుకుని పట్టుకుని అరిగి, నల్లగా నున్నగా అయిపోయింది. బట్టలారేసే తాడు అంత కిందగా ఎవరు కడతారు?

ఆవిడ నా చూపు గమనించింది. "ముసలమ్మ ఉందమ్మా ఇంట్లో. మా అత్తగారు" అంది. అత్తగారు వీధరుగు మీద కూర్చుని, కళ్ళజోడు కూడా లేకుండా, శుభ్రంగా చింతపండులో గింజలు తీస్తోంది.

బస్సులో తిరిగొస్తుంటే ఆ తాడు నా కళ్ళ ముందే ఉంది. దాని పక్కన నీలం చుక్క, పొద్దు వాలగానే ఆగిపోతూ.

అయినా పూర్తిగా నమ్మలేదు. అనుమానం నిజమవుతుందంటే దాన్నీ అనుమానించడం నా గుణం. అదీకాక నేను అనుకుంటున్నదే నిజమైతే, దాన్ని బయటికి అనేసిన మరుక్షణం అతని బతుకుతెరువు పోతుంది. రెండు రోజులు నోరు మూసుకున్నాను.

మూడో రోజు అతని బండికే లోడు. సాయంత్రానికి ట్రేలు ఎక్కించి, పట్టా కప్పి తాళ్ళు బిగించారు. ఓనరు గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఇదిగో, నీకు చెబుతున్నా," అన్నాడు అతనితో. "ఈసారి మూడో రోజుకి ఢిల్లీలో ఉండాలి. ఇప్పుడే బయలుదేరు. రాత్రిళ్ళు ఎక్కడా ఆగడానికి వీల్లేదు. మేడం ఫోన్లో చూస్తూ ఉంటుంది. బండి ఆగిందో, ఆవిడ ఫోన్ చేస్తుంది. వరసగా ఫోన్ చేస్తుంది. ఏమ్మా?"

డ్రైవరు, "అలాగేనండి" అన్నాడు. దొంగతనం ఒప్పుకున్న గొంతూ ఇదే. ఏది అడిగినా ఒప్పుకునే గొంతు.

పొద్దు కుంకుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పెద్ద విషయమేం కాదు. రోజూ పోయేదే. షెడ్డులో ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే ట్రేలు సర్దుతున్నారు. హమాలీలు బీడీలు వెలిగించారు. ఇంకా మసక వెలుతురుంది, మనుషుల మొహాలు తెలుస్తూనే ఉన్నాయి. ఒక్క అతను మాత్రం నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. లారీ పక్క చెక్క మీద అరచెయ్యి ఆనించి, తల కొంచెం పైకెత్తి నిలబడ్డాడు. జనరేటరు చప్పుడు కోసం వింటున్నాడు.

నేను చప్పుడు కాకుండా దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అతను నా వైపే చూస్తున్నాడు. నన్ను చూడటం లేదు.

"రేచీకటి ఎప్పట్నుంచి నాయనా?" అన్నాను మెల్లగా.

ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. మీ ఇంటి తాడు చూశాను."

"చిన్నప్పుడు కొద్దిగా ఉండేదండి. ముదురుతూ వచ్చింది. రాత్రిళ్ళు మా బావమరిది తోలేవాడు. పగలు నాది. ఒక్కరోజు కూడా తేడా రాలేదండి మేడంగారూ. వాణ్ణి తీసేశాక ఇక చీకటి పడితే ఆపేసుకునేవాణ్ణి. ఒకరి ప్రాణం మీదికి తేలేదండి నేను."

"మరి దొంగనని ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఇంకేం చెప్పనండీ? దొంగకైతే ఈ ఓనరు కాకపోతే ఇంకో ఓనరు పనిస్తాడు. సీజన్లో డ్రైవరు దొరక్కపోతే దొంగైనా పర్లేదంటారు. కళ్ళు కనపడనోడికి స్టీరింగు ఎవరిస్తారండీ?" గేటు వైపు తల తిప్పి గొంతు తగ్గించాడు. "మీరు చెప్పకండి. నన్ను దొంగనే అనుకోనివ్వండి."

"ఇప్పుడు రాత్రంతా తోలమంటున్నాడు కదయ్యా."

"మెల్లగా పోతానండి. ముందు బండి లైట్లు పట్టుకుని పోతాను."

"ముందు బండి లేకపోతే?"

నేను చెయ్యి చాపాను. "తాళం ఇలా ఇవ్వు." ఇవ్వలేదు. "నువ్వు ఇవ్వకపోతే నేను బండికి అడ్డంగా కూర్చుంటాను. నేను అక్కడ కూర్చున్న సంగతి కూడా నీకు కనపడదు."

ఆ మాట అనకూడనిది. ఆ సమయంలో ఇంకోటి తోచలేదు. అతను తాళం నా చేతిలో పెట్టాడు.

జనరేటరు వేశారు. దీపాలొచ్చాయి. "ఏంటింకా ముచ్చట్లు? కదలనీ బండిని!" అని ఓనరు కేకేశాడు. నేను నోరు తెరిచేలోపు డ్రైవరే రెండడుగులు ముందుకేశాడు.

"నాకు రాత్రి పూట కనపడదండి" అన్నాడు.

దొంగతనాన్ని ఒక్క ఊపిరిలో ఒప్పుకున్న మనిషి, ఈ నాలుగు మాటలు అనేసరికి చెమటతో తడిసిపోయాడు.

ఓనరు నవ్వాడు. "ఏంట్రా ఇది కొత్త నాటకం? దొంగతనం కుదరదనేసరికి కళ్ళు పోయినయ్యా? పదేళ్ళు కనపడి ఇప్పుడు కనపడవా? మేడం, వాడి మాటలు నమ్ముతున్నారా మీరు?"

అబద్ధం చెబితే నమ్మారు. నిజం చెబితే నాటకమన్నారు. నాకు అప్పటిదాకా ఉన్న భయం ఎటు పోయిందో తెలియదు.

"నమ్ముతున్నానండి. ఇతనికి రాత్రి కనపడదు కాబట్టి ఆగాడు. ఎవరినీ కలవలేదు, ఏదీ అమ్మలేదు. మరి కాయ మార్చిందెవరండీ?"

"అంటే?"

"అడుగు ట్రేల్లో కాయ నేను ఇంటికి తీసుకెళ్ళానండి. వేరే బండిలో వెళ్ళిన లోడులోది. మూడో రోజు దాకా బాగుంది. నాలుగో రోజు నల్లబడింది. అది నాగపూర్లో కలిసిన కాయ కాదు, ఇక్కడ కలిసిందే."

నాకు చెయ్యి అడ్డం పెట్టినావిడ తల వంచుకుని గడ్డి సర్దుతోంది. ఆవిడ పక్కనున్నవాళ్ళు చేతులు ఆపేసి ఓనరు వైపు చూస్తున్నారు. ఓనరు వాళ్ళ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. కుర్చీలోంచి లేచి, పంచె సర్దుకుని, "పొద్దున మాట్లాడదాం" అని కారెక్కాడు.

ఆ రాత్రి బండి కదలలేదు. మర్నాడు వేరే డ్రైవరు తీసుకెళ్ళాడు. అడుగు ట్రేలు దించి ఎక్కించారా లేదా అన్నది నాకు తెలియదు. నన్ను షెడ్డు వైపు రానివ్వలేదు.

చాట్రాయి డ్రైవర్ని విజయవాడ కంటాసుపత్రికి నేనూ అతని భార్యా తీసుకెళ్ళాం. కంటి వెనక పొర మెల్లమెల్లగా పాడవుతోందన్నారు. పుట్టుకతో వచ్చిందట, మందు లేదట. పగటి చూపు కూడా పక్కల నుంచి తగ్గుతూ వస్తుందని, ఇక లారీ తోలకూడదని డాక్టరుగారు చెప్పారు. బయటికొచ్చాక అతను చెట్టు కింద కూర్చుని చాలాసేపు చేతుల వైపు చూసుకున్నాడు.

కాగితం చూపించాక ఓనరు నమ్మాడు. మనసు కూడా కరిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. "నిన్ను ఊరికే వదిలేస్తానా? షెడ్డుకి నైట్ వాచ్‌మన్‌గా ఉండు. జీతం ఇస్తాను" అన్నాడు, పూర్తి మంచితనంతో. ఏమన్నాడో ఆయనకి ఎంతకీ తట్టలేదు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక నేల చూశాను. నవ్వింది డ్రైవరొక్కడే. ఆ సీజన్లో అతను నవ్వడం నేను చూడటం అదే మొదలు. "వద్దులెండి, దొంగలొస్తే వాళ్ళే నాకు దారి చూపించాలి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. వ్యాపారుల ఫోన్లు మెల్లగా ఓనరు తమ్ముడి కొడుక్కి వెళ్ళడం మొదలైంది. నా ముందున్న ఫోను మోగడం మానేసింది. కాయల సీజను అయిపోయేసరికి నా ఉద్యోగమూ అయిపోయింది. రిటైరయ్యానని అందరికీ చెప్పుకున్నాను, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

బస్టాండులోనో బజారులోనో ఎదురైతే డ్రైవరు నన్ను పలకరించేవాడు కాదు. కనపడక కాదు, పట్టపగలే. నాకు కష్టంగా ఉండేది. నేను చేసింది తప్పని ఒక్కరోజూ అనిపించలేదు. అయినా కష్టంగానే ఉండేది.

ఏడాది తిరిగి మళ్ళీ కాయలొచ్చే రోజుల్లో, ఒక ఉదయం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికొచ్చారు. అతను జి. కొండూరు దగ్గర ఒక నర్సరీలో మామిడి అంట్లు కట్టే పనికి వెళుతున్నాడట. వేళ్ళ మధ్య మట్టి ఉంది. మా ఆయన కుర్చీలు వేశారు. నేను కాఫీ కలిపి తెచ్చి, ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నా మీద కోపం పోయిందా?"

అతను గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి మళ్ళీ చేతకాకుండా పోయినట్టుంది.

"పోలేదండి," అన్నాడు. "ఇంజను చప్పుడు వింటే ఇప్పటికీ కాళ్ళు కదుల్తాయి. మీరు ఆ రోజు తాళం అడగకపోతే అని అనుకుంటూనే ఉంటానండి. ఏం చెయ్యను."

నేను తల ఊపాను. మా ఆయన అతన్ని మొక్కలు చూద్దువు రమ్మని పెరట్లోకి తీసుకెళ్ళారు. గడప దగ్గర మెట్టుందని అతని భార్య ఇక్కణ్ణుంచే హెచ్చరించింది. వాళ్ళు కనుమరుగయ్యాక ఆవిడ నా పక్కకి జరిగింది.

"ఆయన కోపం ఆయనదమ్మా. అది నేను తీర్చలేను," అంది. "మా తమ్ముణ్ణి తీసేసిన కాణ్ణుంచీ చీకటి పడితే చాలు, ఫోను గుండెల మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆగాడో లేదో, తోలుతున్నాడో ఏమో. ఈ సంవత్సరం కాయల రోజుల్లో పడుకుంటున్నానమ్మా. హాయిగా నిద్ర పడుతోంది."

ఆ మాట చెప్పి, ఖాళీ గ్లాసులు తీసుకుని, నేను వద్దంటున్నా వినకుండా కడగడానికి లేచింది.